పాత బుల్లెట్ ఇంజన్ ఇంట్లోనే బాగు చేసుకోవడం: ఎంతవరకు విప్పాలి, ఎలా బిగించాలి

నేను మొదటిసారి బుల్లెట్ ఇంజన్ విప్పింది అవసరం లేకుండానే. నాన్నగారి 350 నాలుగు నెలలు వసారాలో నిలబడి ఉంది. ఒక ఆదివారం తుడిచి కిక్కు కొట్టగానే వీధి నిండా నీలం పొగ కమ్మింది. పిస్టన్ రింగులు పోయాయని తీర్మానించుకుని మధ్యాహ్నానికల్లా హెడ్, అంటే సిలిండరు పై మూత, దించేశాను. సాయంత్రం కోవూరు నుంచి ఒక పెద్ద మెకానిక్ వేరే పని మీద మా ఇంటికి వచ్చారు. బకెట్లో నానుతున్న పిస్టన్‌ను చూసి, "అన్నిటికంటే ముందు కింద డ్రెయిన్ నట్టు విప్పి చూశావా నాయనా?" అని అడిగారు. నేను చూడలేదు.

ఈ ఇంజన్‌కు ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు. ఇంజన్ అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేసు వెనక భాగంలోనే పోతపోసిన తొట్టి ఉంటుంది. పంపు అక్కడి నుంచి ఆయిల్ తీసుకుని క్రాంకుకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకు, పంపుతుంది. అక్కడ కారిన దాన్ని మరో పంపు మళ్ళీ తొట్టికి చేరుస్తుంది. బండి నెలల తరబడి కదలకపోతే తొట్టిలోని ఆయిల్ పంపు సందుల్లోంచి కొద్దికొద్దిగా క్రాంకు గదిలోకి జారుతుంది. కిక్కు కొట్టగానే అదంతా సిలిండరులోకి ఎగిరి కాలిపోతుంది. అందుకే ఆ పొగ. కింద క్రాంక్‌కేసు డ్రెయిన్ నట్టు విప్పి నిలిచిన ఆయిల్ దించి, తొట్టిలో మట్టం సరిచేసి, పది కిలోమీటర్లు నడిపితే పొగ దానంతట అదే తగ్గిపోయేది. నాకు ఒక హెడ్ ప్యాకింగ్, ఒక బేస్ ప్యాకింగ్, మూడు ఆదివారాలు దండుగయ్యాయి.

అందుకని ఈ పనిలో మొదటి మెట్టు ఇంజన్ ఎందుకు విప్పుతున్నామో తేల్చుకోవడం. నేను చెప్పబోయేది ఇంజన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండే యూసీఈ ఇంజన్ రాకముందు, పోత ఇనుప సిలిండరుతో, ప్లగ్‌లో నిప్పురవ్వకు సమయం పెట్టే సీబీ పాయింట్లతో వచ్చిన బుల్లెట్ 350 గురించి. 1955లో మద్రాసులో తయారీ మొదలైనప్పటి నుంచి ఆ ఇంజన్ మూలరూపం పెద్దగా మారలేదు. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., సామర్థ్యం 346 సీసీ. నెల్లూరు జిల్లాలో వరి పండించే ఊళ్ళలో ఇలాంటి బండి ఇంకా ఏదో ఒక ఇంటి వసారాలో కనిపిస్తూనే ఉంటుంది. పద్ధతి మాత్రం పాత నాలుగు స్ట్రోకుల బండ్లన్నిటికీ దాదాపు ఇదే.

పొగ, బిగువు, చప్పుడు

పొగ రంగు చూడండి. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే రింగులు, సిలిండరు అరిగాయని అర్థం. స్టార్ట్ చేసిన వెంటనే కొంచెంసేపు, లేదా యాక్సిలరేటర్ మూసి మళ్ళీ ఇచ్చినప్పుడు ఒక్కసారి గుప్పుమంటే వాల్వు గైడ్లను, అంటే వాల్వు కాడ కదిలే గొట్టాలను, అనుమానించండి. నల్లపొగ అయితే ఇంజన్ జోలికే పోవద్దు, అది కార్బురేటర్ పని. చలికాలం పొద్దున కనిపించే తెల్లటి ఆవిరిని చూసి కంగారు పడవద్దు.

తర్వాత బిగువు, అంటే కంప్రెషన్. ఇగ్నిషన్ ఆపి, సిలిండరులోని ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లీవరు ముట్టుకోకుండా కిక్కు రాడ్ మీద నిలబడండి. బాగున్న ఇంజన్ మీ బరువును కాసేపు మోసి మెల్లగా దిగుతుంది. కాలు పెట్టగానే దిగబడితే ముందు ట్యాపెట్లు, అంటే వాల్వులను ఎత్తే కాడలు, చూడండి. అవి మరీ బిగిసి ఉన్నా వాల్వు పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్లు సరిగానే ఉంటే ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగుసార్లు కిక్కు తిప్పి, ప్లగ్ బిగించి మళ్ళీ నిలబడండి. బిగువు పెరిగితే లోపం రింగుల్లో, సిలిండరులో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల్లో ఉన్నట్టు.

చప్పుడు విని పోల్చడానికి కొంత అలవాటు కావాలి. చల్లగా ఉన్నప్పుడు టకటకలాడి, వేడెక్కాక తగ్గేది పిస్టన్. పైన సన్నగా చిటచిటలాడేవి ట్యాపెట్లు. బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు నుంచి దబ్ దబ్ మని మొద్దుగా వచ్చేది కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు. ఆ చివరి చప్పుడు వినిపిస్తే ఇంట్లో విప్పే ఆలోచన మానుకోండి. క్రాంకు విడదీసి, ప్రెస్సు మీద కూర్చోబెట్టి, గడియారం లాంటి డయల్ గేజి పెట్టి సూటిగా ఉందో లేదో సరిచూడాలి. ఆ సరంజామా ఉన్న చోటికే ఇంజన్ పంపాలి. పై భాగం, అంటే హెడ్, సిలిండరు, పిస్టన్ వరకు మాత్రం ఫ్రేములోంచి ఇంజన్ దించకుండానే ఇంట్లో చేసుకోవచ్చు.

కాలం, చోటు, పనిముట్లు

మన జిల్లాల్లో ఈ పనికి కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురుస్తాయి. మైపాడు, ఇందుకూరుపేట వైపు అయితే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. బోరు వేయించి, అంటే లోపలి గోడ కొంచెం కోయించి, తెచ్చిన ఇనుప సిలిండరును ఆయిల్ రాయకుండా ఒక్క రాత్రి వదిలితే తెల్లారేసరికి లోపల ఎర్రటి పొర కడుతుంది. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించండి.

చోటు పెద్దగా అక్కర్లేదు, దుమ్ము లేకుండా ఉంటే చాలు. ఇంట్లో వాడకం మానేసిన ఇడ్లీ రేకులు ఉంటే అడిగి తీసుకోండి. ఒక్కో గుంటలో ఒక్కో చోటి నట్లు వేసుకుంటే కలిసిపోవు. విప్పే ప్రతి దానికీ ముందే ఫోన్లో ఫోటో తీయండి. వాషరు ఏ వైపు ఉందో మూడు వారాల తర్వాత గుర్తుండదు. ఉంటుందని అనిపిస్తుంది, ఉండదు.

స్పానర్ల విషయం ఒకటి చెప్పాలి. పాత బుల్లెట్లలో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి. మన దగ్గరుండే 12-13, 14-15 స్పానర్లు వాటి మీద దాదాపు సరిపోయినట్టే ఉండి, జారి, మూలలు అరగదీస్తాయి. విట్‌వర్త్ అనే ఆ బ్రిటిష్ కొలతల రింగు స్పానర్లు ఒక సెట్టు సంపాదించండి. వాటితోపాటు ఫీలర్ గేజి (సందులు కొలిచే పల్చటి రేకులు), వెర్నియర్, టార్క్ రెంచి, వాల్వు స్ప్రింగు నొక్కే క్లాంపు, రబ్బరు సుత్తి కావాలి. కడగడానికి కిరోసిన్ దొరకడం కష్టమైంది కాబట్టి డీజిల్ వాడండి. పెట్రోలుతో కడగవద్దు, అందులోనూ వంటింటి గోడ పక్కన కూర్చుని అసలే వద్దు.

విప్పడం

ముందు రోజు రాత్రే సైలెన్సర్ బెండు దగ్గర, హెడ్ నట్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ చల్లి పెట్టండి. పెట్రోలు ట్యాంకు, కార్బురేటర్, సైలెన్సర్, హెడ్‌ను ఫ్రేముకు పట్టుకునే పట్టీ, రాకర్లకు (వాల్వులను నొక్కే చిన్న చేతులకు) ఆయిల్ తీసుకెళ్ళే సన్నటి పైపు, రాకరు మూతలు ఈ వరసలో తీయండి. పైపు చివర్ల దగ్గరుండే వాషర్లు చిన్నవే గాని, పాతవే మళ్ళీ వేస్తే అక్కడే ఆయిల్ కారుతుంది.

ప్లగ్ విప్పి కిక్కు మెల్లగా తిప్పుతూ, పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసి ఉన్న చోట ఆపండి. అప్పుడు రాకర్ల మీద ఒత్తిడి ఉండదు. రాకర్లు విప్పి, వాటిని కింది నుంచి తోసే పుష్‌రాడ్లు పైకి లాగి, ఇన్‌లెట్‌ది ఏదో ఎగ్జాస్ట్‌ది ఏదో కాగితం చుట్టి రాసి పెట్టండి. హెడ్ నట్లు ఒకేసారి పూర్తిగా విప్పకూడదు. ఎదురెదురుగా, పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ రావాలి. హెడ్ లేవకపోతే స్క్రూడ్రైవర్ సందులో దూర్చి తన్నకండి. చుట్టూ రబ్బరు సుత్తితో తట్టండి.

సిలిండరు లేపేటప్పుడు కొత్తవాళ్ళు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. కుడివైపు ట్యాపెట్ల మూత లోపల కూడా సిలిండరును కిందికి పట్టుకునే నట్టు ఉంటుంది. బయటి నట్లన్నీ తీసి, సిలిండరు రావడం లేదని సుత్తి పట్టుకునే ముందు ఆ మూత విప్పి చూడండి. సిలిండరు కొంచెం లేవగానే, పిస్టన్ ఇంకా లోపల ఉండగానే, క్రాంక్‌కేసు నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్ను జారకుండా ఆపే సర్కిల్ప్ అనే చిన్న స్ప్రింగు రింగు ఎగిరి అందులో పడితే పై భాగంతో ముగియాల్సిన పని కింది భాగం విప్పేదాకా పోతుంది.

పిస్టన్ పిన్నును కొట్టి తీయవద్దు. మరిగిన నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పిస్టన్‌కు చుట్టి రెండు నిమిషాలు ఉంచితే, అల్యూమినియం వ్యాకోచించి పిన్ను బొటనవేలి ఒత్తిడికే జరుగుతుంది. పిస్టన్ లోపలివైపు ముందు భాగం ఏదో గీసి పెట్టుకోండి.

కొలతలు

ఇక్కడ తొందరపడకండి. కార్బన్ గీకి శుభ్రం చేసి, సిలిండరు పై అంచు కింద గోరు పెట్టి గీయండి. గోరు ఒక మెట్టు దగ్గర ఆగితే, పై రింగు తిరిగే చోట గోడ అరిగిందన్నమాట. ఎక్కువగా అరిగేది ఆ చోటే, అదీ ముందు వెనకల వైపు. సిలిండరు అడుగున రింగు ఎప్పుడూ పోని చోటి కొలతను పై కొలతతో పోల్చాలి. పక్కపక్కల కొలతను ముందు వెనకల కొలతతో పోల్చాలి. వెర్నియర్‌తో ఇది పూర్తిగా తేలదు. లేత్ షాపులో బోరు గేజి పెట్టించి అంకెలు కాగితం మీద రాయించుకోండి. తేడా 0.2 మి.మీ. దగ్గరికి వస్తే నేను బోరు వేయిస్తాను. 0.1 లోపలే ఉండి, గీతలు లేకపోతే కొత్త రింగులతో సరిపెడతాను. ఉన్న పిస్టన్‌తో ఇంకొన్నేళ్ళు నడిచే సిలిండరును కోసేయడం నాకిష్టం ఉండదు. ఒకసారి కోసిన ఇనుము తిరిగి రాదు కదా.

రింగు గ్యాపు చూడటానికి రింగును ఒక్కదాన్నే సిలిండరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా కిందికి నెట్టి, చివర్ల మధ్య ఫీలర్ దూర్చండి. బోరు ప్రతి 25 మి.మీ.కు 0.1 మి.మీ. చొప్పున అనేది పాత లెక్క. అంటే 70 మి.మీ. బోరుకు 0.3కు తగ్గకూడదు. తగ్గితే వేడెక్కినప్పుడు చివర్లు ఒకదానికొకటి తగిలి రింగు విరుగుతుంది. తక్కువగా ఉంటే సన్నటి ఆకురాయితో చివర్లు ఒక్కవైపే, లోపలికి రుద్దండి. పాత రింగుల గ్యాపు కొత్తవాటికి మూడింతలు ఉండటం మామూలే.

కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకి కిందికి కదిపి చూడండి. పక్కలకు కొంచెం ఊగడం దాని స్వభావం. నిలువునా టక్కుమని ఒక్క చప్పుడు వచ్చినా పని ఆపి, పైన చెప్పినట్టు క్రాంకును తెలిసినవాళ్ళకు అప్పగించాలి.

లేత్ దగ్గర, సామాను దగ్గర

బోరు వేయించాలని తేలితే ముందు పిస్టన్ కొనండి, తర్వాత సిలిండరు ఇవ్వండి. "20 సైజు బోరు వేయండి" అని నోటి మాటగా చెప్పి రావద్దు. అంగుళంలో వెయ్యో వంతుల్లో 20 అంటే అర మి.మీ., 40 అంటే ఒక మి.మీ. అని అందరికీ తెలుసు. కానీ రెండు కంపెనీల 20 సైజు పిస్టన్లు ఒకే కొలత ఉండవు. పిస్టన్‌తో వచ్చే కాగితంలో ఎంత ఖాళీ వదలాలో రాసి ఉంటుంది. పిస్టన్‌నూ ఆ కాగితాన్నీ లేత్ మేస్త్రి చేతిలో పెట్టండి. ఒకసారి ఒక షాపులో మా పిస్టన్ చూడకుండానే సిలిండరు కోశారు. ఇంటికి తెచ్చి చూస్తే పిస్టన్ అందులో గిలక్కాయలా ఆడింది. చివరికి 40 సైజుకు పోవాల్సి వచ్చింది.

బోరు అయ్యాక హోనింగ్, అంటే రాయితో గోడ సాన పట్టడం, అడగండి. సిలిండరు గోడ మీద సన్నటి గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ కనిపించాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా మెరిసే గోడ చూడటానికి బాగుంటుంది గాని, రింగులు దాని మీద కుదురుకోవు. ఇంటికి తెచ్చాక డీజిల్‌తో కడిగితే సరిపోదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, బ్రష్షుతో రుద్దాలి. హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లో కూరుకుపోయి ఉంటుంది. తెల్లటి పంచె ముక్కతో తుడిచి చూడండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడగండి. నాకు సాధారణంగా ఐదు సార్లు పడుతుంది. ఆరిన వెంటనే ఆయిల్ పూయండి.

సామాను నెల్లూరులో దొరకకపోతే చెన్నై ఉంది. రైలెక్కి 175 కిలోమీటర్లు పోతే చాలు. కొత్త సామానుకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత సామానుకు ఎగ్మూరు స్టేషనుకు దగ్గర్లోని పుదుపేట. పుదుపేటలో హెడ్ మూతలు, రాకరు బ్లాకులు, లీవర్ల లాంటివి పాతవి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. రింగులు, పిస్టన్, సర్కిల్పులు, బేరింగులు మాత్రం పాతవి ఎంత చవకగా ఇస్తామన్నా వద్దు.

వాల్వులు

ఇంట్లో చేసే పనుల్లో నాకు ఇష్టమైనది వాల్వుల గ్రైండింగ్. స్ప్రింగు క్లాంపుతో నొక్కి, స్ప్రింగును పట్టి ఉంచే రెండు చిన్న కాటర్లు అయస్కాంతంతో తీసుకుని, వాల్వును బయటికి లాగండి. దాని కాడ గైడులో పక్కలకు ఊగుతోందా అని ముందు చూడండి. బాగా ఊగుతుంటే కొత్త గైడు వేయించి సీటు కోయించాలి, అది లేత్ పని. ఊగకపోతే మీరే చేసుకోవచ్చు.

వాల్వు అంచు మీద గ్రైండింగ్ పేస్టు మూడు నాలుగు చోట్ల చుక్కలు పెట్టండి. కాడకు ఒక చుక్క ఆయిల్ రాయండి, పేస్టు గైడులోకి పోనివ్వకండి. రబ్బరు కప్పు ఉన్న కర్రను వాల్వు తలకు అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పండి. ఎనిమిది పది సార్లు తిప్పాక కొంచెం పైకెత్తి, పావు చుట్టు జరిపి, మళ్ళీ తిప్పండి. మొదట గరగరమని చప్పుడు వస్తుంది. పేస్టు అరిగేకొద్దీ ఆ గరగర మెత్తబడి దాదాపు వినిపించకుండా పోతుంది. అప్పుడు తుడిచి చూడండి. వాల్వు అంచు మీదా సీటు మీదా బూడిద రంగు పట్టీ ఎక్కడా తెగకుండా గుండ్రంగా కనిపించాలి. ముతక పేస్టు గుంటలున్న చోటికే. ఆ తర్వాత సన్న పేస్టు.

పేస్టు మొత్తం కడిగేసి వాల్వులు, స్ప్రింగులు బిగించాక, హెడ్‌ను పక్కకు వంచి పోర్టులోంచి డీజిల్ పోయండి. ఐదు నిమిషాలు చూడండి. వాల్వు అంచు దగ్గర చెమ్మ కూడా కనిపించకపోతే సీటు పట్టినట్టే. డీకంప్రెసర్ చిన్న వాల్వును కూడా ఇలాగే సరిచూడండి. అది సరిగా మూసుకోకపోయినా కిక్కు బిగువు పోతుంది, కానీ ఎవరికీ దాని మీద అనుమానం రాదు.

బిగించడం

ఇక్కడి నుంచి చేతులు శుభ్రంగా ఉండాలి. పిస్టన్‌ను గుర్తు ప్రకారం ముందుకు తిప్పి, పిన్నుకు ఆయిల్ రాసి దూర్చి, కొత్త సర్కిల్పులు వేయండి. ఒకసారి పాత సర్కిల్పు బాగానే ఉంది కదా అని వేశాను. పన్నెండో రోజున అది గాడి నుంచి జారి, పిన్నుతో పాటు పక్కకు వచ్చి, కొత్త బోరు గోడ మీద పైనుంచి కిందిదాకా చాలు దున్నింది. కొత్త సర్కిల్పులు వేశాక స్క్రూడ్రైవర్ కొసతో చుట్టూ నొక్కి, గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో చూడండి.

రింగుల చివర్లు ఒకదాని కింద ఒకటి రాకుండా చుట్టూ సమంగా జరపండి. పిస్టన్ కింద, క్రాంక్‌కేసు నోటి మీద రెండు చెక్క పలకలు అడ్డం పెట్టి పిస్టన్‌ను వాటి మీద నిలబెట్టండి. బేస్ ప్యాకింగ్ వేయండి. సిలిండరు గోడకు, రింగులకు ఆయిల్ పూసి, ఒకరు సిలిండరు దింపుతుంటే మరొకరు గోళ్ళతో రింగులు ఒత్తి లోపలికి పంపాలి. ఈ పని ఒంటిచేత్తో చేసేవాళ్ళున్నారు, నేను మాత్రం ఇంట్లో ఎవరినో ఒకరిని పిలుస్తాను. సిలిండరు తన బరువుకే దిగాలి. ఆగిందంటే రింగు ఎక్కడో పట్టుకున్నట్టు, బలంగా నొక్కితే విరుగుతుంది. పలకలూ కుక్కిన గుడ్డా తీయడం మరవకండి.

హెడ్ ప్యాకింగ్ కొత్తది వేసి, నట్లను ఎదురెదురుగా మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. తర్వాత ట్యాపెట్లు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, పిస్టన్ పైన, రెండు వాల్వులూ మూసి ఉండాలి. కుడివైపు మూతలో కింద కాడను ఒక స్పానరుతో పట్టుకుని, లాక్ నట్టు వదులు చేసి, పైది తిప్పుతూ రండి. పుష్‌రాడ్‌ను రెండు వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకి కిందికి మాత్రం ఏమాత్రం కదలకూడదు. లాక్ నట్టు బిగించాక మళ్ళీ తిప్పి చూడండి. బిగింపులో అది తప్పకుండా మారుతుంది.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. పై భాగం మాత్రమే విప్పి ఉంటే నిప్పురవ్వ పడే టైమింగ్ ఎక్కడికీ పోదు. గ్యాపు సరిచేసి సరిచూసుకుంటే చాలు, డిస్ట్రిబ్యూటర్‌ను కదపకండి. ఎవరైనా కదిపి ఉంటే మాత్రం సరిదిద్దాలి. వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ యూనిట్ మామూలు స్థితిలో ఉన్నప్పుడు పిస్టన్ పై కొసకు 0.8 మి.మీ. ముందు పాయింట్లు అప్పుడే విడివడుతుండాలి. పాయింట్ల మధ్య సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పండి. కాగితం జారిన క్షణమే విడివడిన క్షణం.

టైమింగ్ కవరు కూడా విప్పాల్సి వచ్చిన వాళ్ళకు ఒక హెచ్చరిక. క్రాంకు చివర పంపును తిప్పే వార్మ్ నట్టు ఎడమ మర. కుడి మర అనుకుని బలమంతా పెట్టి విప్పబోతే ఇంకా బిగుస్తుంది, లేదా తెగుతుంది.

ఇక ఆయిల్ ఫిల్టరు. కుడివైపు కవరులో ఫెల్ట్ ఫిల్టరు ఉండే గది విప్పితే అందులోని ఆయిల్ మొత్తం కారిపోతుంది. ఖాళీ గదితోనే ఇంజన్ కొడితే, ముందు ఆ గది నిండాలి, ఆ తర్వాతే క్రాంకు బేరింగుకు ఆయిల్ చేరుతుంది. అప్పటిదాకా అది ఎండు ఇనుము మీద తిరుగుతుంది. కొత్తగా బిగించిన ఇంజన్లు కొన్ని వందల కిలోమీటర్లకే అడుగున చప్పుడు చేయడం మొదలుపెట్టడానికి ఇదొక కారణం. స్ప్రింగు, వాషర్లు, ఫెల్టు మీ ఫోటోలోని వరసలోనే పెట్టి, గది నిండా ఆయిల్ పోసి మూత వేయండి.

మొదటి కిక్కు

ప్లగ్ విప్పి ఉంచి, కిక్కు యాభై సార్లు తిప్పండి. రాకర్లకు వెళ్ళే పైపు బోల్టు కొంచెం వదులు చేసి అక్కడ ఆయిల్ ఊరిందా చూడండి. ఊరితే బిగించి ప్లగ్ పెట్టండి. ఊరకపోతే ప్లగ్ పెట్టే ప్రసక్తే లేదు, పంపు వైపు వెతకండి.

బుల్లెట్ కొట్టే పద్ధతి కొత్తవాళ్ళకు చెప్పాలి. ఇగ్నిషన్ వేసి కిక్కు మెల్లగా తొక్కుతూ అమ్మీటరు చూడండి. ముల్లు ఎడమవైపు నుంచి మధ్యకు రాగానే పాయింట్లు విడివడ్డాయన్నమాట. అప్పుడు డీకంప్రెసర్ లాగి కిక్కును ఇంకొంచెం కిందికి జరిపి, వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, ఒక్క తొక్కు తొక్కండి. బలం కన్నా వరుస ముఖ్యం. ఈ వరుస తప్పితే కిక్కు ఎదురు తన్ని మోకాలు పట్టుకుంటుంది.

స్టార్టయ్యాక ఐడిల్‌లో పెట్టి చుట్టూ తిరిగి మురుస్తూ నిలబడవద్దు. గాలి తగలకపోతే కొత్త బోరు వేడెక్కిపోతుంది. ఐదు నిమిషాల్లో రోడ్డు మీదికి తీయండి. మొదటి 500 కిలోమీటర్లు వేగం గంటకు 50 దాటనివ్వకండి, కానీ ఒకే వేగంతో కూడా పోవద్దు. జాతీయ రహదారి ఇందుకు పనికిరాదు. మైపాడు రోడ్డు లాంటి ఊళ్ళ మధ్య దారులు మేలు, వేగం దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మొదటి రోజు తిరిగి వచ్చి, రాత్రంతా చల్లారాక, హెడ్ నట్లు టార్క్ రెంచితో మళ్ళీ చూసి ట్యాపెట్లు సరిచేయండి. 500 కిలోమీటర్లకు ఆయిల్ పూర్తిగా మార్చండి. దించిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూస్తే సన్నటి మెరుపులు కనిపిస్తాయి, రింగులు కుదురుకునేటప్పుడు అవి మామూలే. గోటికి తగిలే ముక్కలు ఉంటే మాత్రం బండి ఆపండి.

తర్వాత

ఆయిల్ నేను 2000 కిలోమీటర్లకు మారుస్తాను, ఫెల్ట్ ఫిల్టరు రెండు మార్పులకు ఒకసారి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరిగేవాళ్ళు ఎయిర్ ఫిల్టరు నెలకోసారి విప్పి చూడాలి. ఆ రాతి దుమ్ము ఒక చిటికెడు లోపలికి పోయినా సిలిండరు గోడను గీకిపారేస్తుంది. హోస్ పైపు పగిలి ఎయిర్ ఫిల్టరును దాటి గాలి పోతోందేమో కూడా చూడండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. పెట్రోలు పైపు, కార్బురేటర్ వాషర్లు కొత్తరకం రబ్బరువి వేయించండి. రెండు వారాలకు మించి బండి తీయనప్పుడు ట్యాప్ మూసి కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. మన తీరం గాలికి ఆ గిన్నె అడుగున తెల్లటి బూజు లాంటిది పేరుకుని, సన్నటి జెట్టు మూసుకుపోతుంది. కార్బురేటర్ చెడిందనుకుని మార్చిన బండ్లలో చాలావాటికి కావలసింది ఒక గంట శుభ్రం చేయడమే.

అక్టోబరు వానలకు ముందు బండిని వసారాలోకి ఎక్కించేటప్పుడు నేను ట్యాంకు నిండా పెట్రోలు పోస్తాను, లోపల తుప్పు పట్టకుండా. ప్లగ్ రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి, మెల్లగా తిప్పి, రెండు వాల్వులూ మూసి ఉన్న చోట పిస్టన్ ఆపుతాను. బ్యాటరీ విప్పి లోపల పెడతాను. సైలెన్సర్ నోటికి గుడ్డ కుక్కుతాను, ఎలుకలు గూడు పెట్టకుండా. చివరగా ట్యాంకు మూత మీద ఒక కాగితం అంటిస్తాను: "కొట్టే ముందు కింది నట్టు విప్పు."